పరిగె గింజలు, కుట్టుమిషన్లు, మేస్త్రీ అడ్వాన్సు

మా అమ్మ పరిగె ఏరేది. ఇప్పటి పిల్లల్లో చాలామందికి ఈ మాట తెలియదు. వరి కోసి, కట్టలు కట్టి, కళ్ళానికి చేర్చాక మడిలో అక్కడక్కడా వెన్నులు పడి ఉంటాయి. పల్లి పీకిన చేలో మట్టి అడుగున కొన్ని కాయలు మిగిలిపోతాయి. వాటిని ఏరుకోవడమే పరిగె. మాది నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు. వరి తక్కువ. ఆ రోజుల్లో ఆముదాలు, జొన్న, పల్లి, అన్నీ వాన మీద ఆధారపడ్డ పంటలే. అమ్మ పగలంతా కూలి చేసిన చేలోనే, పని దిగాక, పొద్దు గూకేలోపు ఓ గంట ఏరి కొంగున కట్టుకొని వచ్చేది. ఆ పల్లికాయలు సంత నాటికి ఉప్పు, చింతపండు అయ్యేవి. ఒక్కోసారి మాకు పలక అయ్యేవి. ఆసామి చూసేవాడు, ఏమీ అనేవాడు కాదు. అమ్మ కూడా దాని కోసం ఆయనకు దండం పెట్టేది కాదు. అది ఆయన ఇచ్చింది కాదు, చేను వదిలింది.

మాది క్రైస్తవ కుటుంబం. దేవరకొండ, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు ప్రాంతాల్లో మెన్నోనైట్ బ్రెదరన్ మిషనరీలు పెట్టిన బళ్ళ వల్ల చదువు ముఖం చూసిన దళిత కుటుంబాల్లో మాదొకటి. నాకు పదేళ్ళప్పుడు చర్చిలో రూతు కథ చదువుతున్నారు, పరాయి పొలంలో ఏరుకొని అత్తను పోషించిన ఒక విధవ కథ. తెలుగు బైబిల్లో అదే మాట ఉంది, పరిగె. చాప మీద తల వంచుకొని కూర్చున్న అమ్మ ఆ మాటకు తల ఎత్తింది. అక్షరం రాని మనిషికి దేవుని గ్రంథంలో తన పని పేరు వినబడింది. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ తర్వాత నేను డిగ్రీలో ఎకనామిక్స్ చదివాను. గ్రామీణ బ్యాంకులో చేరి, ఫీల్డ్ ఆఫీసరుగా తండాలు, వాడలు తిరిగి, రిటైరయ్యాను. ఇటు చర్చిలో స్త్రీల సమాజం పనులు చూస్తూ వచ్చాను. అందుకే పేదవాళ్ళకు సాయం అనే విషయం నాకు రెండు వైపుల నుంచీ తెలుసు. ఈ రెండు వైపుల వాళ్ళూ ఒకరిని చూస్తే ఒకరు ముఖం తిప్పుకుంటారు. చర్చిలో లెక్క అడిగితే విశ్వాసం తక్కువైందంటారు. బ్యాంకులో దయ అంటే రికవరీ పాడవుతుందంటారు. నేను చెప్పదలచింది ఒక్కటే. ఇచ్చే ముందు అడగాలి, ఇచ్చిన ఏడాదికి మళ్ళీ వెళ్ళి చూడాలి. విశ్వాసం మనల్ని ఆ గడప దాకా నడిపిస్తుంది. రెండోసారి కూడా ఆ గడపకే వెళ్ళి ఏమైందో కళ్ళారా చూడమని ఆర్థికశాస్త్రం అంటుంది. ఈ రెండోసారి వెళ్ళడం దగ్గరే మనందరం తప్పిపోతున్నాం.

పరిగె చట్టాన్నే చూడండి. బైబిల్లో లేవీయకాండం పంతొమ్మిదో అధ్యాయంలో ఉంది. పొలం అంచుల దాకా కోయొద్దు, రాలింది ఏరొద్దు, అది పేదలకూ పరదేశులకూ వదిలెయ్యి అని. ద్వితీయోపదేశకాండం ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. చేలో ఒక పన, అంటే కోసిన కట్ట, మరచిపోతే దాని కోసం వెనక్కి పోవద్దంటుంది. బ్యాంకులో లబ్ధిదారుల జాబితాలతో తలలు బద్దలు కొట్టుకున్న నాకు ఇందులో ఎంత తెలివైన ఏర్పాటు ఉందో చాలా ఆలస్యంగా అర్థమైంది. ఎవరు పేద అని ఎవరూ తేల్చక్కర్లేదు. ఎండలో నడుం వంచి గింజ గింజ ఏరడానికి అవసరం ఉన్నవాళ్ళే వస్తారు, లేనివాళ్ళు రారు. జాబితా లేదు, సంతకం లేదు, పైరవీ లేదు. మన ఉపాధి హామీ కూడా ఈ సూత్రం మీదే పుట్టింది. 2006లో మొదటి విడతలో తీసుకున్న జిల్లాల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ ఉన్నాయి. మే నెల ఎండలో మట్టి తవ్వడానికి కలిగినవాడు రాడన్న నమ్మకమే దానికి పునాది.

అయితే చట్టంలో లేనిది రూతు కథలో ఉంది. పొలం యజమాని బోయజు తన కోతగాళ్ళను పిలిచి, ఆమెను సిగ్గుపరచవద్దని, ఇంకా కొన్ని పిడికిళ్ళు కావాలనే జారవిడవమని చెబుతాడు. ఆమె ఏరుకున్నట్టే ఉండాలి, ఇచ్చినట్టు ఉండకూడదు. అంత జాగ్రత్త. ఇప్పుడు హార్వెస్టర్ వచ్చాక మడిలో మనిషి ఏరుకునేంత మిగలదు, మిగిలినా కూలికి పిలిచేవాళ్ళు లేరు. పరిగె పోయింది. దాని స్థానంలో మనం పెట్టుకున్నవి టెంట్, బ్యానర్, ఫొటో.

మా కుట్టుమిషన్ల సంగతి చెబుతాను. చాలా ఏళ్ళ కిందట, క్రిస్మస్ ముందు, మేము కొందరం కలిసి డబ్బు పోగేసి ఒక తండాలో పన్నెండు మంది ఆడవాళ్ళకు కుట్టుమిషన్లు ఇచ్చాం. ప్రార్థన చేశాం, కేక్ కోశాం, ఒక్కొక్కరినీ మిషన్ పక్కన నిలబెట్టి ఫొటో తీశాం. నేను కూడా ఆ ఫొటోల్లో ఉన్నాను. చాలా సంతోషపడ్డాను. మళ్ళీ ఆ తండాకు సాయం చేసిన మనిషిగా వెళ్ళలేదు. ఏడాదిన్నర తర్వాత సంఘం అప్పు వసూలుకు వెళ్ళాను. బ్యాంకు పంపింది కాబట్టి వెళ్ళాను, ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఇంటింటికీ తిరుగుతుంటే మిషన్లు కనబడ్డాయి. నాలుగు అమ్ముకున్నారు. ఆరు మూలన పడి ఉన్నాయి. ఒకదాని మీద దేవుని పటం, ఇంకోదాని మీద బియ్యం బస్తా. ఒకటి కూతురికి కట్నంలో వెళ్ళింది. ఒక్కటి నడుస్తోంది.

తప్పు వాళ్ళది కాదు. తొంభై గడపల తండాలో ఎన్ని జాకెట్లు కుట్టించుకుంటారు? ఒక్క మనిషికి సరిపడా పని ఉన్నచోట మేము పన్నెండు మందిని పోటీకి దించాం. జాకెట్ కూలి సగానికి పడిపోయింది. రిపేరు వస్తే మిషన్‌ను ఆటోలో దేవరకొండ తేవాలి. పైగా వాళ్ళలో చాలామంది దసరా దాటాక ఊళ్ళోనే ఉండరు. నడుస్తున్న ఆ ఒక్క మిషన్ ఉన్నామె జాకెట్లు మానేసి చీరలకు ఫాల్ కుట్టడం, పీకో వేయడం నేర్చుకుంది. పక్క ఊళ్ళ నుంచి కూడా చీరలు వస్తున్నాయి. అది ఆమె తెలివి, మా ఆలోచన కాదు.

మిషన్ అమ్ముకున్న ఒకామె గుమ్మంలో కూర్చొని బియ్యం చెరుగుతోంది. "ఎందుకమ్మా అమ్మినవ్?" అని అడిగాను. నా గొంతులో కొంచెం కోపం ఉంది. ఆమెకు కోపం లేదు. "మేడం, మా ఆయనకు బోరు అప్పు ఉండె. నూటికి మూడు రూపాయల మిత్తి. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకునుడు తప్ప ఇంకో తొవ్వ లేదు. మిషన్ అమ్మితె మిత్తికన్న వస్తదని అమ్మిన. మీరు ఇచ్చేటప్పుడు మమ్ములను ఎవరన్న అడిగిన్రా?"

ఎవరం అడగలేదు.

మేస్త్రీ అడ్వాన్సు గురించి పాలమూరు (మహబూబ్‌నగర్), దేవరకొండ ప్రాంతాల వాళ్ళకు చెప్పక్కర్లేదు. మిగతా వాళ్ళ కోసం చెబుతాను. దేశంలో ఆనకట్టలు, కాలవలు, రోడ్లు ఎక్కడ కట్టినా పాలమూరు కూలీల చెమట ఉంటుందంటారు, అది నిజం. దసరా దాటాక గుంపు మేస్త్రీ ఊళ్ళోకి వస్తాడు. జంటకు ఇంత అని ముందే డబ్బు ఇస్తాడు. ఆ డబ్బుతో పాత అప్పు, దవాఖానా ఖర్చు, ఇంట్లో ముసలివాళ్ళకు నాలుగు నెలల గింజలు చూసుకొని, లారీ ఎక్కుతారు. పుణెనో, ముంబైనో, హైదరాబాద్ శివార్లలో కేబుల్ గుంతలో. పిల్లలు కూడా వెంట వెళ్తారు. ఉగాదికో, తొలకరికో తిరిగి వస్తారు. అడ్వాన్సుకు మిత్తి లేదని మేస్త్రీ చెబుతాడు, కూలీలు కూడా అదే నమ్ముతారు. ఆ తండాలోనే ఒక జంట లెక్క నేను కూర్చొని వేశాను. ముప్పై వేలు అడ్వాన్సు. కూలీల అడ్డా మీద నిలబడితే ఇద్దరికీ కలిపి రోజుకు ఏడు వందలు పడే పనికి మేస్త్రీ దగ్గర ఐదు వందలు. నూటయాభై రోజులు పని. తేడా ఎంత? ముప్పై వేలు. అసలుతో పాటు అసలంత మిత్తి, అదీ ఐదు నెలల్లో. నోటుబుక్కులో మిత్తి అన్న మాట ఎక్కడా లేదు, కూలిలో కలిసిపోయి ఉంది. ఈ లెక్క నేను చదువుకున్న ఎకనామిక్స్ నాకు నేర్పింది. కానీ ఆ గుమ్మంలో కూర్చొని వినే ఓపిక ఎకనామిక్స్ నేర్పలేదు.

మా బ్రాంచిలో క్యాషియర్ ఒకాయన ఉండేవాడు. ఆయన్ని భాయ్‌సాబ్ అనేవాళ్ళం. ప్రతి రంజాన్‌కు ముందు తెల్లకాగితం తీసి, ఇంట్లో బంగారం, ఫిక్స్‌డ్ డిపాజిట్, చేతి నగదు, ఇతరులకు ఇచ్చిన అప్పులు వరుసగా రాసి, నలభయ్యో వంతు తీసేవాడు. రూపాయి అటూ ఇటూ పోనిచ్చేవాడు కాదు. "దేవుడి లెక్క మేడం, బ్యాంకు లెక్క కంటె పక్కాగ ఉండాలె" అనేవాడు. మా వైపు దశమ భాగం ఉంది, సంపాదనలో పదో వంతు దేవునికి ఇవ్వడం. కానీ ఎంత ఇచ్చామో లెక్క ఉంటుంది గానీ అది ఎవరికి ఎందుకు చేరిందో అంత కచ్చితంగా చూడం. భాయ్‌సాబ్ అలా తీసే దానం పేరు జకాత్. అది ఎవరికి చెందాలో ఖురాన్ తౌబా సూరాలో ఎనిమిది తరగతులుగా చెప్పారు. నిరుపేదలతో పాటు అందులో రెండు తరగతులు నన్ను కట్టిపడేశాయి. బానిసత్వంలో ఉన్నవాళ్ళను విడిపించడం ఒకటి, అప్పుల్లో చిక్కినవాళ్ళు ఇంకొకటి. మా ప్రాంతానికి ఇంతకంటే సరిపోయే మాట ఏముంది? మన దేశంలో వెట్టిని రద్దు చేసిన చట్టం 1976లో వచ్చింది. మేస్త్రీ నోటుబుక్కులో అది ఇంకా పూర్తిగా చచ్చిపోలేదు.

కుట్టుమిషన్ల కథ విన్నాక భాయ్‌సాబ్ ఆ ఏడు ఒక పని చేశాడు. తన జకాత్, ఇద్దరు తమ్ముళ్ళ జకాత్ కలిపి, దసరాకు పది రోజుల ముందే రెండు కుటుంబాల బయటి అప్పు తీర్చాడు. ఒక కుటుంబం ఆ ఏడు మేస్త్రీ దగ్గర వేలిముద్ర వేయలేదు. సొంతంగా హైదరాబాద్ వెళ్ళి అడ్డా మీద పని చూసుకొని, వేసవికి డబ్బుతో తిరిగి వచ్చింది. రెండో కుటుంబం మరుసటి ఏడాది మళ్ళీ అప్పు చేసి మేస్త్రీతోనే పోయింది, ఇంటిపెద్దకు కిడ్నీ జబ్బు. భాయ్‌సాబ్ రెండు ఇళ్ళకూ ఏడాదికి వెళ్ళి చూశాడు, అందుకే ఈ రెండు సంగతులూ నేను చెప్పగలుగుతున్నాను. మా పన్నెండు మిషన్లకు అయిన ఖర్చులో సగం కూడా కాలేదు.

అందులో మొత్తం ఎంతన్నదాని కంటే, ఎప్పుడు ఇచ్చాడన్నది ముఖ్యం. ఇదే డబ్బు డిసెంబరులో ఇస్తే ఆ ఇళ్ళకు తాళం ఉండేది. భగవద్గీత పదిహేడో అధ్యాయంలో సాత్త్విక దానానికి దేశం, కాలం, పాత్రం మూడూ చెప్పారు. అపాత్రదానం అనే మాట మనం రోజూ వాడతాం, పాత్రుడు కాని పేదవాణ్ణి తప్పుపట్టడానికే ఎక్కువగా వాడతాం. అకాలదానం అని మాత్రం అనం, ఎందుకంటే ఆ తప్పు ఇచ్చేవాళ్ళది. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో, శ్రద్ధతో ఇవ్వు, సిగ్గుతో ఇవ్వు అంటూ చివర సంవిదా దేయం అంటుంది. తెలిసి ఇవ్వు. మూడు మతాల గ్రంథాలూ ఒకటేనని చెప్పడం నా ఉద్దేశం కాదు, నా విశ్వాసం నాది. కానీ గుడ్డిగా ఇమ్మని నేను చూసిన ఏ గ్రంథమూ చెప్పలేదు.

ఇప్పుడు ఆర్థికవేత్తల దగ్గరికి వస్తాను. 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ క్రెమర్‌లకు నోబెల్ ఇచ్చింది ఇలాంటి పనికే. ఒక సాయాన్ని కొన్ని ఊళ్ళకు ఇచ్చి, కొన్నిటికి ఇవ్వకుండా, కొంతకాలానికి రెండు చోట్లా వెళ్ళి కొలిచి చూడటం. మనకు దగ్గరి ఉదాహరణ మెదక్ జిల్లాది. అక్కడ ఎస్‌కేఎస్ అనే స్వచ్ఛంద సంస్థ అత్యంత పేద కుటుంబాల ఆడవాళ్ళకు బర్రెలు, మేకలు ఇచ్చి, శిక్షణ ఇచ్చి, ఏడాదిన్నర వెంట ఉంది. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ మొదలుపెట్టిన పద్ధతే ఇది. పశ్చిమ బెంగాల్‌లో, ఇథియోపియాలో, పాకిస్తాన్‌లో ఇది బాగా పనిచేసింది. మెదక్‌లో కొలిచి చూస్తే ఆదాయం పెరగలేదు. పాల డబ్బు వచ్చింది, కానీ బర్రెను చూసుకోవడానికి ఆమె కూలి మానుకుంది, అంతే డబ్బు అటు పోయింది. సరిగ్గా అదే సమయంలో ఆ ప్రాంతంలో కూలిరేట్లు బాగా పెరుగుతున్నాయి. బర్రె మంచిదా చెడ్డదా అని కాదు. బర్రె రాకముందు ఆ గంటల్లో ఆమె ఏం చేస్తోంది, దానికి ఎంత వస్తోంది అన్నది ముందు చూడాలి. మా అమ్మ చేతిలో ఖాళీ గంట ఎప్పుడూ లేదు. పేదవాళ్ళు ఊరికే కూర్చొని మన సాయం కోసం ఎదురుచూస్తున్నారని మనం ఊహించుకుంటాం, ఆ ఊహే చాలా సాయాలను చంపేస్తుంది.

ఇంకొకటి బంగ్లాదేశ్‌లోని రంగ్‌పూర్‌ది. అక్కడ నాట్లకూ కోతలకూ మధ్య ఆకలి నెలలు వస్తాయి. పట్నం వెళ్ళి పనిచేసుకోవడానికి బస్సు టికెట్ అంత డబ్బు ఇస్తే, వెళ్ళినవాళ్ళు పెరిగారు, ఇళ్ళలో తిండి పెరిగింది. అది చూసి ఎవిడెన్స్ యాక్షన్ అనే సంస్థ పెద్ద ఎత్తున చేయబోయింది. పెద్దగా చేసి మళ్ళీ కొలిస్తే మొదటి ఫలితం కనబడలేదు. 2019లో వాళ్ళు ఆ కార్యక్రమాన్ని ఆపేశారు, ఎందుకు ఆపామో బయటికి చెప్పారు. దాతల ముందు అలా చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి! మా పన్నెండు మిషన్ల సంగతి నేను చర్చిలో నిలబడి చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది. పైగా ఆ టికెట్ పద్ధతిని మక్కీకి మక్కీ తెచ్చి పాలమూరులో పెడితే అర్థం ఉండదు. ఇక్కడ టికెట్ ఇచ్చేవాడు ముందే ఉన్నాడు, మేస్త్రీ. మన కూలీకి లేనిది ప్రయాణం కాదు, బేరం ఆడే శక్తి.

భూదానం పుట్టింది మా ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే. సాయుధ పోరాటం చివరి రోజుల్లో, 1951 ఏప్రిల్ 18న, వినోబా భావే పోచంపల్లికి వచ్చారు. దళిత వాడకు వెళ్ళి, మీకేం కావాలని అడిగారు. నలభై కుటుంబాలకు ఎనభై ఎకరాలు కావాలన్నారు వాళ్ళు. వెదిరె రామచంద్రారెడ్డి అక్కడే లేచి నూరెకరాలు ఇస్తానన్నారు. ముందు అడగడం, అడిగినదానికి ఇవ్వడం, ఆ రోజు పోచంపల్లిలో రెండూ జరిగాయి. విశ్వాసం మనిషిని ఎంత దూరం కదిలించగలదో అనడానికి నాకు తెలిసి అంతకంటే పెద్ద సాక్ష్యం లేదు. ఆ తర్వాత ఉద్యమం దేశమంతా పాకింది, నలభై లక్షల ఎకరాలకు పైగా దానం వచ్చింది. కానీ ఏ సర్వే నంబరు, నీళ్ళున్నాయా, రాయా రప్పా, కోర్టులో ఉందా, ఎవరి పేరు మీదికి మారింది, ఆ పేరున్న మనిషి ఇప్పుడు దున్నుతున్నాడా అన్న లెక్క చాలాచోట్ల జరగలేదు. చాలా భూమి పంచనే లేదు, పంచినదాంట్లో కొంత దున్నడానికి పనికిరాలేదు. భూదాన్ భూములంటే ఇప్పుడు మనకు గుర్తొచ్చేది కోర్టు కేసులు. గుండె కదిలిన రోజు వెంటే రికార్డు రాసే మనిషి కూడా ఉండి ఉంటే ఎన్ని వేల కుటుంబాల గతి మారేదో అనిపిస్తుంది.

ఇదంతా విని మా చర్చి పెద్ద ఒకాయన నొచ్చుకున్నాడు. కుడి చేయి చేసేది ఎడమ చేతికి తెలియకూడదని ప్రభువు చెప్పాడు కదా అక్కా, నువ్వు రిజిస్టర్ పెడతానంటావేంది అన్నాడు. ఆ మాట గొప్ప కోసం బాకా ఊదుకునేవాళ్ళను ఉద్దేశించి చెప్పింది. ఫలితం తెలుసుకోవద్దని చెప్పింది కాదు. మంచి సమరయుని కథ పూర్తిగా చదవమన్నాను. దెబ్బలు తిన్న మనిషికి కట్టుకట్టి, తన పశువు మీద ఎక్కించుకొని పూటకూళ్ళ ఇంటికి చేర్చడంతో అది అయిపోదు. పూటకూళ్ళ ఇంటివాడికి రెండు దేనారాలు, అంటే వెండి నాణేలు, ఇచ్చి, ఇంకా ఏమైనా ఖర్చయితే నేను తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానంటాడు. ఆయన తిరిగి వస్తానన్నాడు. మనం ప్రసంగాల్లో గాడిద దగ్గరే ఆగిపోతాం.

అయితే లెక్క చెప్పిందే వేదం అనుకునేవాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులను నా సర్వీసులో ఎంతోమందిని చూశాను. ముప్పై ఏళ్ళకే నడుం వంగి, మెడ తిరగక, మంచం మీంచి లేవలేనివాళ్ళు. రూపాయి పెడితే ఎంత ఆదాయం పెరుగుతుందన్న ఒక్క కొలబద్దే వాడితే ఆ మనిషి జాబితాలోంచి కొట్టుకుపోతాడు. ఆయన ఎముక ఇక సరికాదు, ఆయన సంపాదన ఇక పెరగదు. తొంభై తొమ్మిది గొర్రెలను వదిలి తప్పిపోయిన ఒక్కదాని కోసం వెళ్ళే కాపరి కథ ఏ ఖర్చు లెక్కలోనూ ఇమడదు. అక్కడ నాకు ఎకనామిక్స్ చాలదు, చర్చి కావాలి. ఆయనకు రోజూ అన్నం తినిపించే చెయ్యి కావాలి.

ఆ ఊళ్ళకే ఎన్ని సంస్థలు దుప్పట్లు, పండ్లు తెచ్చి పంచాయో. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ నీళ్ళలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతి తయారుచేసింది, దానికి పేరే నల్లగొండ పద్ధతి. మంచి పద్ధతే, కానీ రోజూ నీళ్ళు మోసుకొచ్చి, మందు కొలిచి కలిపి, పేరుకున్న మడ్డి తీసి పారబోసే తీరిక కూలికి పోయే ఆడమనిషికి ఎక్కడిది? పక్కనే నాగార్జునసాగర్ నిండి, కాలవ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పారుతుంటే ఈ మెట్ట ఊళ్ళు బోరు విషం తాగాయి. అప్పుడు వాళ్ళే అడిగారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ సీటుకు 480 మంది పోటీలో నిలిచారు. నీళ్ళ కోసం జలసాధన సమితి చేసిన పోరాటం అది. దాన్ని నడిపించిన దుశ్చర్ల సత్యనారాయణ గారు బ్యాంకు ఉద్యోగం వదిలి వచ్చిన మనిషి, మా వృత్తి వాళ్ళం ఆయన పేరు గర్వంగా చెప్పుకుంటాం. ఆ తర్వాత కూడా ఏళ్ళు పట్టింది. మిషన్ భగీరథ పైలాన్ చౌటుప్పల్‌లో వేసింది 2015లో. కృష్ణా నీళ్ళు నల్లాలోకి వచ్చాకే పిల్లల పళ్ళ మీద మరకలు తగ్గడం నేను చూశాను. దుప్పటి ఇచ్చే చేతులన్నీ ఆ 480 మంది వెనక నిలబడి ఉంటే ఆ నీళ్ళు ఎన్నేళ్ళు ముందు వచ్చేవో. కొన్ని కష్టాలకు దానం జవాబు కాదు. అవి ప్రభుత్వం తీర్చాల్సినవి, మన పని అడిగేవాళ్ళతో కలిసి అడగడం.

నేరుగా డబ్బు ఇవ్వడం మీద నాకు వ్యతిరేకత లేదు. ఆసరా పింఛన్లు 2014లో వెయ్యి రూపాయలు అయ్యాక, 2019లో 2,016 అయ్యాక, మా వాడలో ముసలివాళ్ళ మాటతీరే మారింది. మందులకు కొడుకు ముఖం చూడక్కర్లేదు. మనవడికి బిస్కెట్ పుడ కొనివ్వగలరు. అదే ప్రభుత్వం 2018లో మొదలుపెట్టిన రైతుబంధు ఎకరానికి ఇంత అని ఇచ్చింది, భూమి ఎక్కువ ఉన్నవాళ్ళకు ఎక్కువ వెళ్ళింది, కౌలుకు దున్నేవాళ్ళకు, కూలికి పోయేవాళ్ళకు ఏమీ రాలేదు. డబ్బు బ్యాంకు ఖాతాలో పడింది, లెక్క పక్కాగా ఉంది. కానీ పొలం అంచున నిలబడ్డది ఎవరని చూడమన్న లేవీయకాండం అక్కడ లేదు.

పోయిన దసరా ముందు మేము ఎనిమిది మందిమి ఆ తండాకే మళ్ళీ వెళ్ళాం. బ్యానర్ లేదు. రిజిస్టర్ ఒకటి తీసుకెళ్ళాను. అందులో ఒక గడిలో ఏం కావాలన్నారు, రెండో గడిలో ఏమిచ్చాం, మూడో గడిలో ఏడాదికి ఏమైంది అని గీసుకున్నాను. అప్పు తీర్చి వలస ఆపాలన్నది మా ఆలోచన, భాయ్‌సాబ్ చేసినట్టు. మొదటి ఇల్లు ఆ మిషన్ అమ్ముకున్నామెదే. ఇప్పుడు ఆమెకు మనవరాలు ఉంది. ఆమె కోడలు మా మాట అంతా విని, తల అడ్డంగా ఊపింది.

"మేము పోతం మేడం. ఇప్పుడు మాకు మేస్త్రీ బాకీ లేదు. పుణెల కూలి మంచిగ పడ్తది, ఈడ ఉండి ఏం జేస్తం? మా బిడ్డ ఎనిమిదిల ఉన్నది. మాతోని వస్తె బడి పోతది. మా అత్తకు కండ్లు కనబడ్తలెవ్వు. మేము వచ్చేదాంక ఈ పిల్ల రాత్రిపూట ఎక్కడ ఉండాలె? అది చూడున్రి."

మేము తీసుకెళ్ళిన డబ్బుతో దానికి పనిలేదు. హాస్టల్లో సీట్లు నిండిపోయి ఉన్నాయి. రిజిస్టర్‌లో మొదటి గడిలో ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. మా సమాజంలో ఇద్దరం విధవలం ఉన్నాం, పెద్ద ఇళ్ళు, పిల్లలు పట్నాల్లో. ఆ తండా నుంచి ఏడుగురు ఆడపిల్లలు ఉగాది దాకా మా రెండిళ్ళలో పడుకున్నారు. పొద్దున్నే సద్ది కట్టుకొని బడికి పోయేవాళ్ళు, సాయంత్రం లెక్కలు నేను చెప్పేదాన్ని. తండ్రులు వారానికోసారి ఫోన్ చేసేవాళ్ళు. ఒక పిల్ల నెల కాకుండానే ఇంటి మీద బెంగతో జ్వరం తెచ్చుకొని తల్లి దగ్గరికి వెళ్ళిపోయింది, ఆమె బడి ఆ ఏడుకు పోయింది. మిగతా ఆరుగురూ పరీక్షలు రాశారు.

రెండో గడి నిండింది. మూడో గడి కోసం ఈ దసరాకు వెళ్ళాలి. ఈలోపు ఇంటికి పోయిన ఆ పిల్లతో ఒకసారి కూర్చొని, ఏం ఇబ్బంది అయ్యిందో అడగాలి.